సీసాడు నూనె

లిగోరిస్ పేరు ఏ చీటీలో రాయాలన్నది పదకొండేళ్లపాటు నాకు తేలలేదు.

మా ఊరి చర్చిలో శనివారం సాయంత్రం ఇంటింటివాళ్లూ రెండేసి చీటీలు ఇస్తారు. ఒకదాని మీద బతికున్నవాళ్ల పేర్లు, ఇంకోదాని మీద పోయినవాళ్ల పేర్లు. ఆదివారం పూజలో స్టాథిస్ అయ్యగారు వాటిని చదివి దేవుడికి విన్నవిస్తారు. మా ఇంట్లో చీటీలు రాసే పని నాది. నా భార్య కనెల్లా, కూతురు, అల్లుడు, మనవలు ఒక చీటీలోకి వెళ్తారు. మా అమ్మానాన్నలు, పురిట్లోనే పోయిన మా మొదటి బిడ్డ రెండో చీటీలోకి వెళ్తారు. లిగోరిస్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయేది. కొన్ని వారాలు మొదటి చీటీలో అందరికన్నా కింద రాశాను. కొన్ని వారాలు రాయనే లేదు. ఒకసారి విడిగా మూడో చీటీ మీద అతని పేరొక్కటే రాసి ఇచ్చాను. అయ్యగారు కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు.

"పనాగో, దేవుడికి తెలుసు, సరే. చదవాల్సింది నేను కదా, నాకు తెలియొద్దూ?"

ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారే గాని చదవలేదు.

మా ఊరున్న మాని తీరంలో కొండకీ సముద్రానికీ మధ్య నాలుగు వరసల ఆలివ్ చెట్లు పట్టేంత చోటే ఉంటుంది. ఆ చెట్ల మీద ఏడాదంతా బతకలేం. అందుకని ఏప్రిల్లోనూ అక్టోబరులోనూ పరదేశులను కొండదారుల వెంట నడిపించే పని పెట్టుకున్నాను. ఆరు రోజుల నడక. వాళ్ల సామాను వ్యానులో ముందు ఊరికి వెళ్లిపోతుంది. వాళ్లు మాత్రం మేకలు నడిచిన దారుల్లో, సముద్రం పైగట్టు వెంట, చెమటలు కక్కుకుంటూ వస్తారు. వ్యానులో చోటుండగా నడవడం ఏమిటని కాఫీ కొట్టు దగ్గర ముసలివాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. గాడిద దొరక్క తాము నడిచిన దారుల్లో వీళ్లు సరదాకి నడవడం వాళ్లకి మింగుడుపడదు.

ఈ పనికి ఇద్దరు కావాలి. ముందు ఒకడు, వెనక ఒకడు. ముందువాడు దారి చూపుతాడు. వెనకవాడు ఎవరూ తప్పిపోకుండా అందరికంటే ఆఖరున వస్తాడు. ప్రతి మిట్ట ఎక్కాక ముందువాడు ఆగి వెనక్కి చూడాలి. వెనకవాడు చేతికర్ర పైకెత్తి చూపించాలి. ఆ కర్ర కనబడందే ముందువాడు అడుగు వేయకూడదు. ఈ నియమం పెట్టింది లిగోరిస్. తప్పింది నేను.

లిగోరిస్‌దీ నాదీ ఒకే ఊరు, ఒకే ఈడు. నా కూతుర్ని జ్ఞానస్నానపు తొట్టిలో ముంచి పేరు పెట్టింది అతనే. ఆ వరసన ఒకరినొకరం బావా అని పిలుచుకునేవాళ్లం. పెళ్లి చేసుకోలేదు. కొన్నేళ్లు ఓడల మీద తిరిగి వచ్చి, తల్లి దగ్గరే ఉండిపోయాడు. ఆమె పేరు దియమాంతో, నేను పిన్నీ అంటాను. నేను ప్రార్థనలు ఎక్కువ చేస్తాను. అతను తక్కువ చేసేవాడు. కానీ గుడి ముందు నుంచి వెళ్లేటప్పుడు లోపల దీపం కొండెక్కి ఉంటే మాత్రం అతని కాలు ముందుకు పడేది కాదు.

మా దారుల్లో చిన్న చిన్న గుళ్లు చాలా ఉన్నాయి. ఒక్క మనిషి నిలబడేంత గుళ్లు. వాటికి పూజారి ఉండడు. పటం వెనకాల నూనె సీసా ఉంటుంది, పక్కన అగ్గిపెట్టె. దారిన పోయేవాళ్లు దీపంలో నూనె పోసి వెలిగించి పోతారు. సీసా అడుగంటితే, చూసినవాడు తర్వాతిసారి ఇంటి నుంచి తెచ్చి నింపుతాడు. ఎవరూ చెప్పరు, ఎవరూ అడగరు. అలా జరిగిపోతుంది.

నాలుగో రోజు నడకలో, మా ఊరు ఇంకా రెండు గంటల దూరం ఉందనగా, గట్టు అంచున సోస్తిస్ పునీతుడి గుడి ఉంది. పదకొండేళ్ల కిందట ఆ గుడి మెట్ల మీద ఒక పరదేశి ఆవిడ కాలు మెలిక పడింది. చీలమండ చూస్తుండగానే వాచింది. మా అమ్మ చేసినట్టు నూనె రాసి, ఒత్తి, గుడ్డతో బిగించి కట్టడమే నాకు తెలిసిన వైద్యం. లోపలికెళ్లి పటం వెనక సీసా తీసి, ఉన్నదంతా ఆవిడ కాలికి రాశాను. చిన్న సీసా, గుప్పిట్లో పట్టేంత. కట్టు కట్టడం అయ్యాక చూస్తే దీపంలోనూ నూనె లేదు.

"బావా, ఆయన నూనె వాడేసుకుని ఆయన్నే చీకట్లో పెట్టి పోతున్నాం," అన్నాడు లిగోరిస్.

"వచ్చే నడకలో రెండు సీసాలు తెస్తాలేరా. ఆయనకేం తొందర?"

అతను నవ్వాడు. ఆ నవ్వులో ఒప్పుకోలు లేదని అప్పుడే నాకు తెలుసు. అయినా కదిలాను. పైన మబ్బు పడుతోంది. ఎనిమిదిమంది నా వెంట ఉన్నారు, అందులో ఒకావిడ కుంటుతోంది.

కనుమ ఎక్కి రొట్టె, జున్ను తిన్నాం. తిండి మూట మోసేది లిగోరిసే. అందులో అతని తల్లి పంపిన ఆలివ్ నూనె రేకు డబ్బా కూడా ఉండేది. తిన్నాక నేను ముందు బయలుదేరాను. వెనకనుంచి అతను కేక వేశాడు.

"బావా, మీరు పదండి. గుళ్లో ఒకటి మిగిలిపోయింది. నీటిబుగ్గ దగ్గర కలుస్తా."

ఏం మిగిలిపోయిందని నేను అడగలేదు. వెనక్కి తిరిగి చూస్తే కాలు మెలిక పడినావిడ ఉత్త తలతో కనిపించింది. పొద్దున ఆమె తల మీద నార టోపీ ఉంది. ఓహో, మిగిలిపోయింది టోపీ అనుకున్నాను. నీటిబుగ్గ చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. ఆగి చూశాను. కర్ర కనబడలేదు. ఇంకా కాసేపు చూశాను. వాన పెద్దదైంది. జనాన్ని ఊళ్లోకి దించి, ఆవిడనీ ఆవిడ భర్తనీ వ్యానులో పట్నం ఆసుపత్రికి పంపి, నలుగురు మగవాళ్లను పిలుచుకుని వెనక్కి పరుగెత్తాను. కనుమ దగ్గరికి వచ్చేసరికే దారి కనబడనంత వాన.

మర్నాడు తెల్లవారుతూ వెతుకులాట మొదలైంది. గుడి దగ్గరికి మా గుంపులో మొదట చేరింది నేనే. లోపల దీపం వెలుగుతోంది.

లిగోరిస్ దొరకలేదు. ఆ రోజూ దొరకలేదు, ఆ తర్వాత పడవలవాళ్లు నెల రోజులు గట్టు కింద వెతికినా దొరకలేదు. కర్ర కూడా దొరకలేదు. అధికారులు అడిగితే, నడకకొచ్చినావిడ టోపీ మరిచిపోతే తేవడానికి వెళ్లాడని చెప్పాను. వాళ్లు అదే రాసుకున్నారు. టోపీ ఆవిడని పిలిచి అడగాలని వాళ్లకీ అనిపించలేదు, నాకూ అనిపించలేదు. నూనె సంగతి నేను ఎత్తలేదు. దీపం ఎవరు వెలిగించారంటే అవతలి ఊరినుంచి ముందే వచ్చి వెతికినవాళ్లు కొందరు మేమే అన్నారు, కొందరు మేం కాదన్నారు.

కానీ దీపం వెలుగుతోందన్న కబురు దియమాంతో పిన్నికి చేరింది. చేర్చింది నేనే, ధైర్యం చెబుదామని. ఆమె దాన్ని పట్టుకుని కూర్చుంది. అంత వానలో ఆ రాత్రి దీపం వెలిగించినవాడు తన కొడుకే, కాబట్టి వాన వెలిశాక కూడా బతికే ఉన్నాడని ఆమె లెక్క. ఆ రోజు కింది రేవులో ఏదో ఇటలీ పడవ లంగరు వేసి ఉందని ఎవరో అన్నారు. అది పట్టుకుని వెళ్లిపోయాడని కాఫీ కొట్టు తేల్చింది. ఓడల రుచి మరిగినవాడు, ఆస్ట్రేలియాలో ఉంటాడు అన్నారు. తల్లి ఆ మాటకు ఏడవలేదు, సంతోషించింది. వెళ్లిపోయినవాడు ఎప్పుడో ఒకప్పుడు వస్తాడు.

అందుకని లిగోరిస్‌కి నలభయ్యో రోజు ప్రార్థన లేదు, పోయినవాళ్ల పేర పంచే ఉడికించిన గోధుమల పళ్లెం లేదు, ఫొటో ముందు దీపం లేదు. ఊళ్లో ఎవరు పోయినా శవం పక్కన కూర్చుని శోకం పాడేది దియమాంతో పిన్ని. ఎనభై ఏళ్ల గొంతు, అయినా వింటే రాయి కరుగుతుంది. అలాంటి మనిషి కన్న కొడుకు కోసం ఒక్క ముక్క పాడలేదు. బదులుగా ఫనూరియోస్ పునీతుడి తియ్య రొట్టె చేసేది. పోయిన వస్తువు దొరకాలని మా వాళ్లు మొక్కుకుని చేసే రొట్టె అది. తొమ్మిది రకాల దినుసులు వేసి కాల్చి, ఇంట్లో దాచుకోకుండా పదిమందికి పంచాలి. ఎంతమంది తింటే అంత తొందరగా దొరుకుతుందని నమ్మకం. నా నడకల గుంపు మా ఊరు చేరిన ప్రతిసారీ ఆమె ముంగిట్లో రొట్టె సిద్ధంగా ఉండేది. పాపం ఆ పరదేశులకు అది అతిథి మర్యాద అనిపించేది.

రొట్టె పంచుతూ ఆడవాళ్ల తలల వంక చూసి ప్రతిసారీ ఒకే మాట అనేది.

"టోపీలు గట్టిగా ముడేసుకోమని చెప్పరా పనాగో. మళ్లీ ఇంకో తల్లి కొడుకు ఏరుకు రావాల్సొస్తుంది."

ఏమంటోందని వాళ్లు అడిగితే, ఎండ జాస్తిగా ఉంది టోపీలు పెట్టుకోండి అంటోంది అని చెప్పేవాణ్ణి. వాళ్లు ఆమెకి చేతులు జోడించేవాళ్లు. పదకొండేళ్లు అలా గడిచాయి. ఆ గుడి దారిలో నేను మళ్లీ కాలు పెట్టలేదు. కింది దారి జారిపోయిందని చెప్పి జనాన్ని పై రోడ్డు మీదుగా తిప్పి తీసుకొచ్చేవాణ్ణి. రాత్రి పడుకునే ముందు మోకాళ్ల మీద ఉన్నప్పుడు ఒకటే ప్రశ్న వచ్చేది. టోపీయా, నూనెయా? టోపీ అయితే అది ఆవిడ మరుపు. నూనె అయితే అది నా మాట. దేవుడు సీసాడు నూనెకి మనిషిని తీసుకుంటాడా? తీసుకోడని నా నమ్మకం. మరి దీపం ఎందుకు వెలిగింది?

ఒకసారి కనెల్లాతో ఇదంతా చెప్పాను. ఆమె ఆలివ్ కాయలు ఏరుతూ విని, "నీకు కొండంతా తెలుసు గాని నోటికి గడియ తీయడం తెలీదు. వెళ్లి ఆ ముసలమ్మకి చెప్పు," అంది. నిజం ఏమిటో తెలియకుండా ఏం చెప్పను అన్నాను. ఆమె మళ్లీ కాయల మీదికి వంగింది.

ఈ ఏడు అక్టోబరు గుంపులో ఆరుగురు. వెనక నడిచేది మా అల్లుడు. ఆరుగురిలో మారిట్ అనే నార్వే ఆవిడ ఒంటరిగా వచ్చింది. తెల్ల జుట్టు, పొడుగు మనిషి, నెమ్మదిగా నడిచినా అలిసేది కాదు. పోయిన చలికాలంలో భర్త పోయాడట. మొదటి రెండు రోజులు పెద్దగా మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం ఒక ఆలివ్ చెట్టు నీడన ఆగినప్పుడు నా పక్కన వచ్చి కూర్చుంది. రేపు కింది దారిన వెళ్తామా అని అడిగింది. జారిపోయిందని అలవాటు ప్రకారం చెప్పాను.

"అయ్యో. ఆ చిన్న గుడి చూడాలని వచ్చాను," అంది. "మీకు గుర్తుండదులెండి. నా కాలికి మీరే కట్టు కట్టారు."

అప్పుడు పోల్చుకున్నాను. ఆమె తన ధోరణిలో చెప్పుకుపోతోంది.

"ఆ ఇంకొకాయన ఎలా ఉన్నాడు? ఆ నూనె పట్టుకెళ్లినాయన. మా ఆయన చివరిదాకా ఆయన సంగతి చెప్పుకునేవాడు. దేవుడికి బాకీ పడి నడవలేని మనిషిని మొదటిసారి చూశాను అనేవాడు."

నీళ్ల సీసా పక్కన పెట్టేశాను. ఏం చూశారో మొదటినుంచి చెప్పమన్నాను.

ఆమె చెప్పింది. కనుమ దగ్గర తిండి అయ్యాక నేను ముందుకు కదిలానట. లిగోరిస్ జేబులోంచి గుళ్లోని ఖాళీ సీసా తీసి, రేకు డబ్బాలోని నూనె అందులోకి వంచి నింపాడట. ఒక్క చుక్క కింద పడకుండా నాలుక బయటపెట్టి పోస్తుంటే మొగుడూ పెళ్లాలిద్దరూ నవ్వారట. అతను కూడా నవ్వి, సీసాతో కిందికి గుడివైపు చూపించి, దీపం వెలిగించినట్టు చేతితో సైగ చేశాడట. తర్వాత రెండు చేతుల పది వేళ్లూ చాపి, మూసి, మళ్లీ చాపాడట. ఇరవై నిమిషాల్లో వచ్చేస్తానని. నాకు కేక వేసి దిగిపోయాడట.

"మరి టోపీ?" అన్నాను.

"ఏం టోపీ?"

"మీ నార టోపీ. గుళ్లో మరిచిపోయారు కదా."

ఆమె ఆలోచించింది. మబ్బు పట్టాక టోపీ తీసి సంచిలో పెట్టుకున్నానేమో అంది. ఆ టోపీ ఇప్పటికీ ఇంట్లో ఉందట.

అప్పుడు నేను చెప్పాల్సింది చెప్పాను. లిగోరిస్ ఆ రోజు నుంచి లేడని చెప్పాను. ఆమె వంగి తన చీలమండ పట్టుకుంది.

"నన్ను ఎవరూ అడగలేదు," అంది.

"నాకు తెలుసనుకున్నాను," అన్నాను.

నాలుగో రోజు పొద్దున కింది దారినే పట్టించాను. మా అల్లుడు వింతగా చూశాడు. దారి ఎక్కడా జారలేదు. ముళ్లపొదలు రెండు వైపులా కమ్ముకున్నాయి, అంతే. గుళ్లో దీపం ఎవరో వెలిగించి ఉంచారు. పటం వెనక ఒక ప్లాస్టిక్ సీసా, సగం నూనె. పునీతుడి ముందు నిలబడి క్షమించమని అడగబోయాను. అడగడానికి ఏమీ దొరకలేదు. ఆయన నూనె ఆయనకి ఆ సాయంత్రమే ముట్టింది. వాన జోరులో ఒకడు దిగివచ్చి పోసి, వెలిగించి, తలుపు వేసి వెళ్లాడు. నేను ఆయనకి బాకీ లేను. తీర్చినవాడికి బాకీ.

గుడి నుంచి కనుమకి ఎక్కే దారిలో ఒకచోట పలకరాయి నేల. పొడిగా ఉంటే ఫరవాలేదు. తడిస్తే సబ్బు. పక్కన నిట్టనిలువు గట్టు, కింద సముద్రం. అక్కడ మారిట్ ఆగింది. నేనూ ఆగాను. మిగతావాళ్లు ఫొటోలు తీసుకున్నారు. కనుమ ఎక్కి వెనక్కి చూస్తే మా అల్లుడు కర్ర పైకెత్తాడు. ఆ కర్రని అవసరానికి మించి చాలాసేపు చూశాను.

ఇక దియమాంతో పిన్ని ముంగిలి. రెండు గంటలు నడిచినంతసేపూ నాలో నేనే వాదించుకున్నాను. చెప్పకపోతే ఏమవుతుంది? ఆమెకి ఆశ ఉంటుంది. ఎనభై ఏళ్ల మనిషి దగ్గర్నుంచి ఆశ లాక్కోవడం పుణ్యమా? పోనీ, ఆ కొడుకు ఆత్మ పదకొండేళ్లుగా ప్రార్థన లేకుండా, గోధుమ గింజ లేకుండా ఉంది, దాన్ని అలాగే వదిలేయడం పుణ్యమా? అయ్యగారిని అడిగి చెబుదాం అనుకున్నాను. నీటిబుగ్గ దాటేవరకు అదే అనుకున్నాను.

పిన్ని రొట్టె కోసి సిద్ధంగా కూర్చుంది.

"ఏరా, ఈసారి ఆరుగురేనా? ఈ ఎండుచేపల్ని ఎక్కణ్ణించి తోలుకొచ్చావ్? తినమను," అంది. నల్ల తలగుడ్డ సర్దుకుని ముక్కలు పంచింది. మారిట్ తల మీద టోపీ లేదు. పిన్ని చూపు అక్కడ ఆగింది. "ఇదిగో, ఈవిడకి అసలు టోపీయే లేదు. అప్పుడే పారేసుకుందేమో. ఈసారి ఎవణ్ణి పంపిస్తారు?"

మారిట్ రొట్టె ముక్క చేత్తో పట్టుకుని నా వైపు తిరిగింది. ఏమంటున్నారు అని అడిగింది.

ఎండ జాస్తిగా ఉందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట మింగి, ఉన్నది ఉన్నట్టు చెప్పాను. టోపీ కోసం కొడుకు పోయాడని ఈ తల్లి పదకొండేళ్లుగా అనుకుంటోందని, అలా అనుకునేలా చేసింది నేనని కూడా చెప్పాను. మారిట్ ముక్కని పళ్లెంలో పెట్టేసింది. లేచి వెళ్లి పిన్ని ముందు నేల మీద కూర్చుంది. నా వంక చూడకుండా, తన భాషలో కాదు, నా భాషలో కాదు, చేతులతో చెప్పడం మొదలుపెట్టింది. సీసా. నూనె వంచడం. కిందికి చూపించడం. దీపం. పది వేళ్లు. మళ్లీ పది వేళ్లు.

పిన్ని ఆ వేళ్లనే చూస్తోంది. "ఏంట్రా ఇది?" అంది నాతో.

"కాలు మెలిక పడింది ఈవిడకే, పిన్నీ. టోపీ పోలేదు. నేను గుడి నూనె వాడేశాను. దీపం ఎండిపోయింది. లిగోరిస్ నీ డబ్బాలో నూనె సీసాకి పోసుకుని దీపం పెట్టడానికి వెళ్లాడు. ఇరవై నిమిషాల్లో వస్తానన్నాడు. నేను ఆగలేదు."

కోళ్లు ముంగిట్లో రాలిన రొట్టె పొడి ఏరుకుంటున్నాయి. ఆమె ఒక్కొక్కటే అడిగింది. సీసా ఎంత ఉంటుంది? గుప్పిటంత అన్నాను. నూనె తన డబ్బాలోదేనా? నీదే. ఇరవై వేళ్లు చూపించాడా? చూపించాడు.

ఆమె తన రెండు చేతులూ ఎత్తి, ముడతలు పడ్డ పది వేళ్లూ చాపి చూసుకుంది. మూసింది. మళ్లీ చాపింది.

"ఇరవై నిమిషాలన్నవాడు ఆస్ట్రేలియా పోడు," అంది. గొంతు మామూలుగానే ఉంది. "దీపం పెట్టి తిరిగొస్తూ పోయాడు. నా కొడుకు దొంగలా పారిపోలేదు. వస్తూనే ఉన్నాడు."

"అవును పిన్నీ."

"పదకొండేళ్లు ఈ మాట బుగ్గన పెట్టుకుని నా రొట్టె తిన్నావురా."

"నాకు ఖాయంగా తెలీదు పిన్నీ."

"అడగాలి మరి. మనిషికి నోరెందుకిచ్చాడు, పాటలు పాడ్డానికేనా?"

తిట్టింది అంతే. నేను ఇంకా తిట్టాలని నిలబడ్డాను. ఆమె మారిట్ పళ్లెంలోని ముక్క తీసి తిరిగి మారిట్ చేతిలో పెట్టింది, తినమని గడ్డం ఎగరేసింది. మారిట్ ఏడుస్తూ తింది. పళ్లెంలో ఇంకా మూడు ముక్కలు మిగిలాయి. వాటిని కోళ్లకి వేసేసింది. అలా ఎప్పుడూ వేయలేదు.

"ఇక చేయక్కర్లేదు. దొరికాడు," అంది.

ఆ శనివారం నేను చీటీలు రాస్తుంటే ఆమె మా ఇంటికి వచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గుమ్మంలో నిలబడి, "రెండో దాంట్లో రాయి," అంది. నేను రాసేవరకు చూసింది. చదువు రాని మనిషి, అయినా పేరు ఎక్కడ పడిందో వేలితో ముట్టి చూసుకుని వెళ్లింది. కనెల్లా ఆమె వెనకాలే వెళ్లి, రాత్రి ఇద్దరూ కలిసి గోధుమలు ఉడికించారు. ఆదివారం పూజలో స్టాథిస్ అయ్యగారు చదువుతూ ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి, చదివారు. గోధుమల పళ్లెం మీద పంచదార పరిచి, దాని మీద శిలువ గుర్తు పెట్టి ఉంది. పాడాల్సిన వేళ పిన్ని నోరు విప్పింది. ఎవరికీ పాడిన పాట కాదది. సీసా, దీపం, ఇరవై వేళ్లు అన్నీ అందులో ఉన్నాయి. ఆగకుండా ముందు నడిచినవాడు కూడా ఉన్నాడు. అతన్ని ఆమె శపించలేదు. వెనక్కి చూడమని అడిగింది. నేను చర్చి గోడకి ఆనుకుని విన్నాను.

మారిట్ అప్పటికి వెళ్లిపోయింది. తర్వాత ఆ టోపీని పోస్టులో పంపింది. చీటీ ఏమీ లేదు. పిన్ని దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మంచి టోపీయే అంది. గోడ మేకుకి తగిలించింది.

నవంబరు చివర్లో మా చెట్ల కాయ గానుగకి వేశాం. మొదటి ధార కింద మా ఇంటి జాడీలు పెట్టకముందు, వెతికి పట్టుకొచ్చిన ఒక చిన్న సీసా పెట్టాను. గుప్పిట్లో పట్టేది. పచ్చగా, నురగతో, ఇంకా వెచ్చగా ఉంది నూనె. దాన్ని చొక్కా కింద పెట్టుకుని పిన్ని ఇంటికి వెళ్లాను.

ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. గోడ మీద లిగోరిస్ ఫొటో, దాని ముందు చిన్న బల్ల మీద ఒక గాజు గ్లాసు. దీపం ఇంకా పెట్టలేదు.

"ఇదేంట్రా? నా జాడీలు నిండుగా ఉన్నాయి," అంది.

"ఇది నీదే పిన్నీ. ఆ రోజు నీ డబ్బాలోంచి పోయినది."

సీసా అందుకుని వెలుతురుకి పెట్టి చూసింది. "ఇంతేనా?"

"ఇంతే."

ఆమె మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. బల్ల దగ్గరికి వెళ్లి సీసా గ్లాసులోకి వంచింది. చివరి చుక్కదాకా వంచే పట్టుకుంది. అంచున పాకినదాన్ని వేలితో తుడిచి గ్లాసులోనే రాల్చింది. వత్తి వేసి వెలిగించి, ఖాళీ సీసా నా చేతికి తిరిగి ఇచ్చింది.